విజిల్ ఊదని వారం

ఉగాదికి సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా తెలుగువాళ్ళం కలిసినప్పుడు, కొత్తగా వచ్చినవాళ్ళు ఒకరినొకరు ఏం చేస్తుంటారని అడుగుతారు. ఒకాయన బ్యాంకు, ఒకావిడ సాఫ్ట్‌వేర్, ఇంకొకాయన చేసేది ఏమిటో ఆయన భార్యకే సరిగ్గా తెలియదు. నా వంతు వచ్చేసరికి "సీళ్ళను చూసుకునేదాన్ని" అంటాను. ఎవరో ఒకరు "పెంగ్విన్లా ఆంటీ?" అంటారు.

పెంగ్విన్లు కావు. ఉత్తరాన చలి సముద్రాల ఒడ్డున బతికే చిన్న జాతి సీళ్ళు. బూడిదరంగు ఒంటి నిండా నల్ల మచ్చలు, పిల్లిమీసాలు, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టుండే పెద్ద కళ్ళు. నీళ్ళలో వాటంత అందంగా కదిలేది నేను ఇంకోటి చూడలేదు. ఒడ్డెక్కాయంటే మాత్రం పొట్టమీద గెంతుతూ, బస్తా దొర్లించినట్టు వస్తాయి. వాటితోనే నా ఉద్యోగమంతా గడిచింది. పోయిన ఏడాది రిటైరయ్యాను.

ఈ మధ్య మా బ్లాకులోనే ఉండే మేఘన అనే అమ్మాయి తనూ ఇదే పనిలోకి వెళ్తానని పట్టుపట్టింది. వద్దని చెప్పి పంపమని వాళ్ళమ్మ దాన్ని నా దగ్గరికి పంపింది. "ఐ లవ్ యానిమల్స్ లా, ఆంటీ" అంది మేఘన, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా' తోనే. ప్రేమ ఒక్కటే చాలితే నేను ఇది రాయనక్కరలేదు. నీకోసమే రాస్తున్నాను మేఘనా, నీలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకోసం కూడా. జీతం సంగతి, ప్రమోషన్ల సంగతి మీ మేనేజర్లు చెప్తారు. నేను పని చెప్తాను.

చేపల గది

మాది మలేషియాలోని పేరాక్‌లో రబ్బరు తోటల తెలుగు కుటుంబం. పెళ్ళయి మా ఆయన నరసయ్యతో దక్షిణానికి, సింగపూర్‌కి వచ్చాను. మొదట జురాంగ్‌లో చేపలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో చేశాను. చేపను చూడగానే మంచిదో కాదో చెప్పగలనని, సముద్ర జంతువుల పార్కొకటి నన్ను చేపల గదిలోకి తీసుకుంది. అక్కడినుంచి కొలను దగ్గరికి చేరడానికి కొన్నేళ్ళు పట్టింది. కొలను కంటే చేపల గదే ముఖ్యమని నేను ఇప్పటికీ అంటాను.

మనం తినని చేప వాటికి పెట్టకూడదు. పొట్ట చితికినా, కన్ను కుంగినా, తోకదగ్గర పసుపు తిరిగినా పక్కన పడేయాలి. విటమిను మాత్రను చేప మొప్పలోకి దూర్చి, ఆ చేప ఏ సీల్‌కో మరచిపోకుండా పెట్టేవాళ్ళ చేతికివ్వాలి. సీల్ ఒకరోజు తినకపోతే అలిగిందని అనుకునేవాళ్ళున్నారు. అలక మనుషులకి. దానికి ఏదో అవుతోందని అర్థం.

ఇక వాసన. ఎంత తోమినా పోదు. సాయంత్రం రైలెక్కితే నా పక్క సీటు ఎంత రద్దీలోనైనా ఖాళీయే. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో మనవాళ్ళు టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల తమదని చోప్ చేస్తారే, నాకు ఆ ప్యాకెట్టు కూడా అవసరం ఉండేది కాదు. నేను కూర్చుంటే చాలు, ఆ బల్ల నాదే. మా ఆయన ఒక్కడే ఏమీ అనలేదు. తలుపు తీస్తూనే "నీ సీళ్ళకు మకాన్ అయ్యిందా?" అని అడిగేవాడు. తరువాత నన్ను అడిగేవాడు. మకాన్ అంటే మలయ్‌లో తిండి. మా ఇంట్లో ఆ మాట తెలుగే అయిపోయింది.

సింగపూర్‌లో చలికాలం

మా దగ్గరున్న సీళ్ళలో నాకు ప్రాణం ఒకదానిమీదే. దాని పేరు బోర్డుమీద పెప్పర్ అని ఉండేది. ఒంటిమీద మిరియాలు చల్లినట్టుండేది కాబట్టి నేను మిరియం అని పిలిచేదాన్ని. అది రెండిటికీ పలికేది.

ఒక సంవత్సరం మిరియం ఒంటి వెంట్రుక మాసి, గోధుమరంగుకి తిరిగి, అక్కడక్కడా పాచి పట్టినట్టు పచ్చగా అయింది. సీళ్ళు ఏడాదికోసారి పాత బొచ్చు రాల్చి కొత్తది తెచ్చుకోవాలి. దీనికి రాలడమే లేదు. అప్పటి మా పెద్దాయన మిస్టర్ లిమ్. పంపులు, ఫిల్టర్లు, నీళ్ళు చల్లబరిచే యంత్రాలు ఆయనకు కొట్టిన పిండి. నీళ్ళు చల్లగా ఉంటే సీల్‌కి ఇంకేం కావాలన్నది ఆయన వాదన. అందుకని ఇంకా చల్లబరిచాడు. మా కాళ్ళు కొంకర్లు పోయాయి. మిరియం బొచ్చు మాత్రం అలాగే ఉంది.

అసలు సంగతి పట్టుకున్నది డాక్టర్ అనురాధ. కాకినాడ అమ్మాయి, మా పార్కు వెటర్నరీ డాక్టరు. "సరోజక్కా, వీటికి చలి ఒక్కటే కాదండీ, పగలు కావాలి. వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం పగలు సాగుద్ది, చలికాలం కుంచించుకుపోద్ది. దాన్నిబట్టే వీటి ఒంట్లో క్యాలెండరు తిరుగుద్ది. ఇక్కడేమో ఏడాదంతా ఒకటే పగలు. పాపం, ఏ నెల్లో ఉందో దానికెలా తెలుస్తాదండీ?" అంది.

నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఎప్పుడు ఎండాకాలమో ఎప్పుడు చలికాలమో తెలియని ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని నేను. నాకు లేనిది మిరియానికి ఇవ్వాలి. కొలనున్న హాలు పైకప్పు నిండా పెద్ద దీపాలు పెట్టించాం. వారం వారం వాటిని కొంచెం ముందుగా వెలిగించి కొంచెం ఆలస్యంగా ఆర్పుతూ వేసవి తెచ్చాం. తరువాత తగ్గించుకుంటూ చలికాలం తెచ్చాం. ఆ స్విచ్చి నా చేతిలో ఉండేది. బయట బుకిట్ తిమా కొండమీద ఎప్పటి ఎండే, లోపల నా సూర్యుడు వేరు. జీవితంలో అంత పెత్తనం నాకు మళ్ళీ దొరకలేదు.

ఆ ఏడాది మిరియం బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలి, కింద వెండిలాంటి కొత్తది వచ్చింది. మరుసటి ఏడు స్కాన్ చేస్తూ అనురాధ యంత్రం తెరను నావైపు తిప్పింది. తెరమీద చిన్న గుండె కొట్టుకుంటోంది. నేను చేపల బకెట్టు అక్కడే వదిలేసి హాలంతా తిరిగాను. మా పార్కులో ఈ జాతి పిల్ల అదే మొదటిది.

విజిల్ అంటే ఏమిటి

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఈ జంతువులకు మనం మాటలతో నేర్పలేం. కర్ర చివర చిన్న బంతి ఉంటుంది, టార్గెట్ అంటాం. సీల్ దానికి ముక్కు ఆనిస్తే వెంటనే విజిల్ ఊది చేప ఇస్తాం. విజిల్ అంటే "భేష్, సరిగ్గా చేశావు, వచ్చి తీసుకో" అని. కొన్నాళ్ళకి విజిల్ వింటే చాలు, ఎక్కడున్నా గేటు దగ్గరికి వచ్చేస్తుంది. అలాగే నోరు తెరవడం, పళ్ళు చూపించడం, సూది వేస్తే కదలకుండా ఉండడం నేర్పుతాం. స్కాన్ యంత్రం కింద మిరియం బోర్లా పడుకుని ఊరుకుందంటే దాని వెనక నా ఎన్నో ఉదయాలున్నాయి. కట్టేసి, వల వేసి పట్టుకునే రోజులు నేను చూశాను. విజిల్ ఎంత గొప్పదో నాకు తెలుసు.

మిరియం నా చేతికింద చదివిన వాళ్ళందరిలోకీ మొదటి ర్యాంకు. మిగతావి విజిల్ విని ఒకసారి ఆలోచించేవి. ఇది ఆలోచించేది కాదు. కొత్తవాళ్ళకి పని నేర్పాలంటే దాన్నే చూపించేదాన్ని, మా పిల్ల మార్కులు చెప్పుకున్నంత గర్వంగా.

పిల్ల

పిల్ల పగలే పుట్టింది, నా డ్యూటీలోనే. పుట్టిన కాసేపటికే నీళ్ళలో దూకి తల్లి వెనకాల ఈదింది. ఈ జాతి పిల్లలకు ఈత నేర్పనక్కరలేదు. ఒంటినిండా మచ్చలు, తల్లివాటికంటే చిన్నవి. ఆవగింజలు అనిపించాయి. అద్దంగోడ వెనక మేం నిలబడి చూసే చిన్న గది ఉంది, అందులో మా స్టాఫ్ అంతా ఇరుక్కున్నారు. సీళ్ళకు దగ్గరి చుట్టాలైన సీ లయన్ల షో చేసే రషీద్ నా భుజం పట్టుకుని ఊపేస్తూ "కాక్, నువ్వు అమ్మమ్మవి అయిపోయావ్ కదా" అన్నాడు. కాక్ అంటే అక్క. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు.

ఆ సంబరం ఎక్కువసేపు నిలవలేదు. పిల్ల ఒడ్డుకి చేరి గొర్రెపిల్లలా అరుస్తూ పాలకోసం వెతుకుతోంది. మిరియం పక్కకి ఒరిగి పొట్ట చూపించింది. పిల్ల నోరు పెట్టబోయే సమయానికి దిగ్గున లేచి, గెంతుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళి మెడ ఎత్తి కూర్చుంది. కాసేపటికి తిరిగొచ్చింది. పిల్లను ముక్కుతో వాసన చూసింది, మళ్ళీ ఒరిగింది, మళ్ళీ లేచి వెళ్ళింది. పిల్ల అరుపు సన్నబడుతోంది.

"తొలిచూలు కదండీ, కొన్నిటికి తెలీదు" అంది అనురాధ. ఆమె మొహంలో నవ్వు పోయింది. "రేపు పొద్దున్నకి కడుపు నిండకపోతే పిల్లని తీసెయ్యాలక్కా. గొట్టంతో పాలు పట్టాలి."

అలా పెంచితే పిల్ల బతుకుతుంది. కాని తల్లి పాలు ఎండిపోతాయి. పిల్ల మనుషుల్నే అమ్మానాన్నలనుకుంటుంది, తన జాతిని చూస్తే బెదురుతుంది. సీల్ అయి పుట్టి సీల్‌గా బతకడం రాదు. లిమ్‌కి మాత్రం అందులో తప్పేం కనిపించలేదు. "రేపటిదాకా ఎందుకు సరోజ? ఇప్పుడే తీసేయండి. సీసాతో పాలు పడుతున్న ఫోటో ఎంత బాగుంటుంది" అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. పైవాళ్ళకు ప్రతిదీ ఫోటోలో చూపించాల్సిన ఉద్యోగం ఆయనది. నాకు మాత్రం ముక్కుమీద కోపం. "పాలు పట్టడానికి తల్లి ఉంది సర్. ఫోటో కావాలంటే నాది తీసుకోండి" అన్నాను. అనురాధ నన్ను మోచేత్తో పొడిచింది.

వాన

మధ్యాహ్నం పశ్చిమాన ఆకాశం నల్లబడి ఉరుములు మొదలయ్యాయి. మన ఊళ్ళో మెరుపుల హెచ్చరిక వస్తే ఆరుబయట షోలన్నీ ఆపేస్తారు. సీ లయన్ల స్టేడియం మా హాలుకి గోడ అవతలే. జనాన్ని లోపలికి పంపేసి రషీద్ తడిసి ముద్దయి మా గదిలోకి వచ్చాడు.

మేం మాట్లాడుకుంటూ ఉండగా అనురాధ చెయ్యి ఎత్తింది. మిరియం పక్కకి ఒరిగి ఉంది. పిల్ల మూతి దాని పొట్టకి అతుక్కుపోయి ఉంది. గుటక పడుతున్నట్టు గొంతు కదులుతోంది. వానచప్పుడులో మాకు ఊపిరి తీసుకోవడానికి కూడా భయం. మిరియం ఎటూ కదలలేదు, కళ్ళు సగం మూసుకుంది.

"నేర్చుకుంది" అన్నాడు లిమ్, తనే నేర్పినంత సంతోషంగా.

వాన వెలిసింది. రషీద్ షోకి వెళ్ళాడు. కాసేపటికి గోడ అవతల జనం చప్పట్లు, పాట. ఉన్నట్టుండి మిరియం పాలిస్తున్నదల్లా దిగ్గున లేచింది. పిల్ల బోర్లా పడింది. తల్లి గేటు దగ్గర మెడ ఎత్తి, ముక్కు ముందుకు చాపి కూర్చుంది.

ఆ ముక్కు చాపడం చూసి గుర్తుపట్టాను. అది ఎటో చూస్తున్నది కాదు. టార్గెట్ కోసం చూస్తోంది. గోడ అవతల రషీద్ సీ లయన్‌కి ఊదిన విజిల్ విని వచ్చింది. వానలో షో లేదు, విజిల్ లేదు, అందుకే కదలకుండా పాలిచ్చింది. మా పార్కులో అన్ని జంతువులకీ ఒకటే రకం విజిల్, అందరం ఒకే పెట్టెలోంచి తీసుకునేవాళ్ళం. మామూలు రోజుల్లో గోడ అవతల విజిల్ వినిపించి మిరియం గేటు దగ్గరికి వచ్చినా, ఎంత చురుకైనదో అని ముచ్చటపడి ఒక చేప ఇచ్చేవాళ్ళం. నేనిచ్చాను, అందరూ ఇచ్చారు.

మిరియం చెడ్డ తల్లి కాదు మేఘనా. మంచి విద్యార్థి. పిలిస్తే రావాలని నేర్పింది మేమే. పిల్ల పుట్టాక రానక్కరలేదని ఎవరూ నేర్పలేదు.

లిమ్ గది

"విజిల్ లేకుండా షో ఎలా చేస్తారు? సీ లయన్‌కి ఏం తెలుస్తుంది? జనం టికెట్టు కొన్నారు లా" అన్నాడు లిమ్, షోల్లో విజిల్ ఆపమని నేను అడగగానే. "నువ్వు ఊహించుకుంటున్నావు. వాన వెలిసింది, అది లేచింది, అంతే."

"ఒక్క షో సర్. రేపు మొదటి షో విజిల్ లేకుండా చేయించండి. అది లేస్తే పిల్లను నేనే తీసి మీ చేతుల్లో పెడతాను."

ఆ మాట అనేశాకే ఆలోచన వచ్చింది. నిజంగా లేస్తే? లిమ్ నా వెనకే వచ్చిన రషీద్ వైపు చూశాడు. రషీద్ మెడలోంచి విజిల్ తీసి లిమ్ బల్లమీద పెట్టాడు. "సర్, మా సీ లయన్ మాట వినకపోతే జనం నవ్వుతారు. నవ్వడానికేగా వచ్చేది" అన్నాడు.

మరునాడు ఆ షో నేను చూడలేదు, తరువాత అందరూ నాకు నటించి చూపించారు. రషీద్ విజిల్ బదులు బొటనవేలు చూపిస్తే, సీ లయన్ ఆ వేలును వాసన చూసి, రింగులోంచి దూకడం మానేసి, నేరుగా చేపల బకెట్టులో తల పెట్టిందట. బకెట్టు తలకి తగిలించుకుని స్టేడియమంతా తిరిగిందట. జనం పడీ పడీ నవ్వారు. అంత మంచి షో మళ్ళీ చేయలేకపోయానని రషీద్ ఇప్పటికీ అంటాడు.

నేనూ అనురాధా అద్దం వెనక ఉన్నాం. పాట వచ్చింది, చప్పట్లు వచ్చాయి, నవ్వులు గోడ దాటి వచ్చాయి. మిరియం ఒకసారి చెవి రిక్కించినట్టు తల తిప్పి, మళ్ళీ వాల్చేసింది. పిల్ల తాగింది, నిద్రపోయింది, లేచి మళ్ళీ తాగింది. "కడుపు చూడండక్కా, గుమ్మడికాయలా అయిపోయింది" అని అనురాధ నా చెయ్యి పట్టుకుని గెంతింది. పిల్లకి ఆవ అని పేరు పెట్టేశాను. బోర్డుమీద ఇంకేదో పేరు వచ్చింది, అది నాకు గుర్తులేదు.

లిమ్ గురించి ఇది కూడా రాయాలి. ఆ వారమంతా పార్కులో విజిల్ ఊదకూడదని ఆయనే హుకుం జారీ చేశాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళ విజిళ్ళు కూడా అడిగి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. కార్లను చేతులూపి నడిపించారు పాపం. తప్పని తెలిశాక మనసు మార్చుకునే పెద్దాయన దొరకడం అదృష్టం. దొరికితే గౌరవించు, తెలిసేదాకా మాత్రం పోట్లాడు.

విజిల్ ఎవరు ఊదారు

వారం చివర్లో బడిపిల్లలు బస్సుల్లో వచ్చారు. లిమ్ కూడా అద్దం గదిలో ఉన్నాడు, పైవాళ్ళెవరికో చూపించడానికి వీడియో తీస్తున్నాడు. ఒడ్డున మిరియం పక్కకి ఒరిగి పాలిస్తోంది. ఆవ ఆదమరిచి తాగుతోంది.

బయట, మా గోడ పక్కనే, పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి పీఈ మాస్టారు ఒకాయన విజిల్ ఊదాడు. ఆయనకేం తెలుసు, మేం చెప్పలేదు కదా. గట్టిగా, పొడుగ్గా ఊదాడు. మళ్ళీ ఊదాడు.

లిమ్ చేతిలో ఫోను కిందికి దిగిపోయింది. మిరియం తలెత్తి గేటు వైపు చూసింది. ముందు రెక్కలు నేలకి ఆనించింది, లేవడానికి పెట్టినట్టే. ఆవ నోరు జారి చిన్నగా అరిచింది.

మిరియం ఆ అరుపు వైపు తిరిగింది. ముక్కు పిల్ల ముక్కుకి ఆనించింది. మేం టార్గెట్‌కి ఆనించమని నేర్పిన ముక్కే. అలా కాసేపు ఉండి, గేటు వైపు ఇంకోసారి చూసి, నెమ్మదిగా పక్కకి ఒరిగి పొట్ట చూపించింది.

బయట మాస్టారు ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

"దానికి వినపడలేదా?" అన్నాడు లిమ్ గొంతు తగ్గించి.

"వినపడింది సర్. రానంటోంది."

నా చేతికింద చదివిన మొదటి ర్యాంకు పిల్ల నా మాట కాదన్నది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంతకంటే సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. లిమ్ ఎదురుగానే ఎగిరి గంతేశాను.